వార్డులో అడుగు పెట్టకముందే

“నర్సింగ్ చదువుతాను” అని ఇంట్లో చెప్పి చూడు. పెద్దవాళ్లు మొదట అనే మాట, “సేవాభావం ఉండాలమ్మా, ఓపిక ఉండాలి.” చుట్టాలూ అదే అంటారు. బళ్లో టీచరూ అదే అంటుంది. ఆ మాట నిజమే, కానీ సగమే. మిగతా సగం నీకు చెప్పేవాళ్లు తక్కువ గనుక ఈ అధ్యాయమంతా దాని గురించే. ప్రేమగా తల నిమిరిన చెయ్యే పొరపాటున రెండింతల మందు ఎక్కిస్తే, రోగికి ఆ ప్రేమ అక్కరకు రాదు. నర్సుకు సేవాభావంతో పాటు కచ్చితత్వం కావాలి. కళ్ల ముందున్న మార్పును గుర్తుపట్టడం, లెక్క తప్పకుండా వెయ్యడం, చూసింది చూసినట్టు రాయడం, చెప్పాల్సిన మనిషికి చెప్పాల్సిన వేళకు చెప్పడం. ఇవన్నీ అలవాట్లు. కాలేజీలో చేరాక ఒక్క సెమిస్టర్‌లో పట్టుబడేవి కావు. తొమ్మిదిలోనో పదిలోనో మొదలుపెట్టావంటే వార్డులోకి వెళ్లేనాటికి నీ సొంతమవుతాయి.

మే 12 వస్తే నర్సింగ్ కాలేజీల్లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పటానికి పూలదండ వేస్తారు. ఆమె 1820లో ఆ రోజునే పుట్టింది. రాత్రిపూట దీపం పట్టుకుని క్షతగాత్రుల మంచాల మధ్య తిరిగిన తల్లిగానే ఆమెను మన పాఠాలు చూపించాయి. 1854లో క్రిమియా యుద్ధ సైనికుల ఆస్పత్రికి వెళ్లిన ఆమె మరో పని కూడా చేసింది. ఎవరు ఎందుకు చనిపోతున్నారో లెక్కలు కూర్చింది. తుపాకీ గాయాలతో పోయినవాళ్ల కంటే, శుభ్రత ఉంటే రాకుండా ఆపగలిగిన జబ్బులతో పోయినవాళ్లే చాలా ఎక్కువని ఆ లెక్కల్లో తేలింది. దాన్ని అంకెల పట్టికలు చదవనివాళ్లకూ అర్థమయ్యేట్టు రంగుల బొమ్మగా గీసి 1858లో అచ్చు వేయించింది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆమే. ఆ తర్వాత 1860లో సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణ బడి పెట్టించింది. ఆమెను ఆదర్శంగా పెట్టుకునేవాళ్లు దీపంతో పాటు ఆ లెక్కల పుస్తకాన్ని కూడా చేతిలోకి తీసుకోవాలి.

జ్వరం పుస్తకం

ఈ అలవాటును ఇంట్లోనే, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, ఒక చిన్న నోట్‌బుక్కుతో మొదలుపెట్టవచ్చు. నాయనమ్మకు జ్వరం వచ్చిందనుకో. ఇంట్లో అందరూ “ఒళ్లు కాలిపోతోంది” అంటారు. నువ్వు పుస్తకం తీసి గీతలు కొట్టు. తేదీ, టైము, జ్వరం ఎంత, నాడి ఎంత, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది, ఏం తాగింది, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లింది, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంది. డిజిటల్ థర్మామీటర్ చంకలో పెట్టి బీప్ అనేదాకా ఆగు. మధ్యలో తీసి చూడకు. నాడి చూసేటప్పుడు చూపుడువేలు, మధ్యవేలు మణికట్టు మీద బొటనవేలి వైపు ఆనించు. బొటనవేలితో చూడకు, దానిలోనే నాడి కొట్టుకుంటుంది గనుక నీ నాడిని నువ్వే లెక్కపెట్టుకుంటావు. గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టు. ఊపిరి లెక్కపెడుతున్నానని మాత్రం చెప్పకు. చెప్తే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తుంది. నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని ఛాతీ వైపు చూస్తూ లెక్కించు. నెమ్మదిగా ఉన్న పెద్దవాళ్లలో నాడి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20 మధ్య ఉంటుంది. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ ముందు చూసి రాసుకున్నావంటే, మామూలుగా ఎలా ఉంటుందో నీ వేళ్లకు తెలుస్తుంది. అప్పుడే తేడా తెలుస్తుంది.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. “ఎన్నాళ్ల నుంచి?” అని ఆయన అడుగుతాడు. “రెండు మూడు రోజులవుతుందండీ, వస్తోంది, పోతోంది” అని మీ నాన్న చెప్తాడు. నువ్వు పుస్తకం తెరిచి, “నిన్న సాయంత్రం ఆరింటికి 102. పారాసిటమాల్ వేసుకున్నాక ఎనిమిదింటికి 99.8కి దిగింది. రాత్రి రెండింటికి చలి పుట్టి మళ్లీ 102.4. పొద్దుటి నుంచి ఒక్కసారే మూత్రానికి వెళ్లింది, అదీ కొంచెమే” అని చెప్తే ఆయన చేతిలోని పెన్ను ఆగుతుంది. చలితో ఎక్కి దిగే జ్వరమని, ఒంట్లో నీరు తగ్గుతోందని ఆయనకు రెండు ఆధారాలు దొరికాయి. ఏ పరీక్షలు రాయాలో, సెలైన్ పెట్టాలో వద్దో వాటి మీద నిర్ణయిస్తాడు. జబ్బు పేరు పెట్టాల్సింది ఆయన. నువ్వు ఇచ్చింది అతిశయోక్తి లేని సమాచారం. వార్డులో డ్యూటీ మారేటప్పుడు పొద్దుటి నర్సు మధ్యాహ్నం నర్సుకు ఒక్కో మంచం దగ్గర నిలబడి అప్పగించేది కూడా సరిగ్గా ఇలాంటి మాటలే. ఆ అప్పగింతలో ఒక్క వాక్యం జారిపోయినా నష్టపోయేది మంచం మీది మనిషి.

ఒక హెచ్చరిక. పుస్తకం రాసినంత మాత్రాన మందులు నువ్వు నిర్ణయించకూడదు. ఫోన్లో చూసో, పక్కింటివాళ్లకు పనిచేసిందనో యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. చదువు పూర్తయ్యాక కూడా, డాక్టరు ఆదేశం ఎక్కడ మొదలవుతుందో తెలిసిన నర్సునే ఆస్పత్రి నమ్ముతుంది.

మీ ఊళ్లో ఆశా కార్యకర్త ఉంటుంది కదా. పసిపిల్లల ఊపిరి ఎలా లెక్కపెడుతుందో ఒకసారి చూడు. దగ్గు, జలుబుతో ఉన్న బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో చూస్తుంది. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది దాటి అయిదేళ్ల లోపు బిడ్డకు 40, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే నిమోనియా కావచ్చని ఆస్పత్రికి పంపుతుంది. ఎక్స్‌రే లేదు, రక్తపరీక్ష లేదు. గడియారం, ఓపిగ్గా చూసే కళ్లు, అంతే. ఆ రెండింటితో పల్లెల్లో ఎందరు పిల్లలు గట్టెక్కారో నీకు ఆమే చెప్తుంది.

లెక్కలంటే భయమా?

బైపీసీ తీసుకునేవాళ్లలో చాలామంది “మ్యాథ్స్ తప్పించుకున్నాం” అనుకుంటారు. నర్సింగ్‌లో లెక్కలు తప్పవు. అదృష్టం ఏమిటంటే అవి పదో తరగతి దాటవు. నిష్పత్తి, శాతం, యూనిట్లు మార్చడం. ఇంతే. కానీ వీటిలో నూటికి నూరు రావాలి. పరీక్షలో 90 మార్కులు వస్తే సంతోషిస్తాం. మందుల్లో పదింట ఒకటి తప్పితే సంతోషించడానికేమీ ఉండదు.

ఒక్క లెక్క నాతో కలిసి చెయ్యి. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించమని డాక్టరు రాశాడు. చేతిలో ఉన్న డ్రిప్ సెట్ కవరు మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని అచ్చు వేసి ఉంది. 500ను 20తో హెచ్చవేస్తే మొత్తం 10,000 చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే 41.67, అంటే నిమిషానికి 42 చుక్కలు. నర్సు ఏం చేస్తుందంటే, వాచీ చూస్తూ గొట్టంలోని చిన్న గదిలో పడే చుక్కలను లెక్కపెడుతూ, రోలర్‌ను బొటనవేలితో కొద్దికొద్దిగా తిప్పుతూ ఆ 42 దగ్గర నిలబెడుతుంది. నాలుగు గంటలను రెండు గంటలుగా చదువుకుంటే నిమిషానికి 83 చుక్కలవుతాయి. కుర్రవాడైతే తట్టుకోవచ్చు. గుండె బలహీనంగా ఉన్న పెద్దాయనకైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. పిల్లల వార్డులో వాడే సన్న సెట్‌లో మిల్లీలీటరుకు 60 చుక్కలు. అక్కడ ఇదే లెక్క మళ్లీ కొత్తగా వెయ్యాలి. అందుకే కవరు చింపి పారెయ్యకముందే దాని మీది అంకె చదవాలి.

ఇంకొకటి, ఇది మీ ఇంట్లోనే ఉంటుంది. పిల్లల పారాసిటమాల్ సిరప్ సీసా తీసి లేబుల్ చూడు. కొన్నిటి మీద 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములని ఉంటుంది, కొన్నిటి మీద 250 అని ఉంటుంది. పిల్లవాడి బరువు చూసి డాక్టరు 200 మిల్లీగ్రాములు ఇవ్వమన్నాడనుకో. మొదటి సీసాతో 8 మిల్లీలీటర్లు, రెండో దానితో 4. సీసాలు, రంగు, వాసన ఒక్కలాగే ఉంటాయి. “మొన్న ఎంత పోశామో అంతే పొయ్యి” అనే మాట ఇళ్లలో ఎంత మామూలుగా వినిపిస్తుందో గుర్తుచేసుకో. సిరప్‌తో వచ్చిన కొలత మూత వాడు, వంటింటి చెంచా వాడకు. చెంచాలు రకరకాల కొలతల్లో ఉంటాయి.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ వేసుకుంటుంటే మరో పాఠం దొరుకుతుంది. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే అర మిల్లీలీటరు వస్తుంది, అంటే 20 వెయ్యాల్సిన మనిషికి 50 యూనిట్లు పోతాయి. చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. ఈ లెక్క తొమ్మిదో తరగతి విద్యార్థి చెయ్యగలదే. చేసి చూడు, మీ తాతయ్య సిరంజి మూత రంగు ఈ రాత్రే చూస్తావు.

గ్రూపు ఎంచుకునేటప్పుడు

పదయ్యాక బైపీసీ తీసుకుంటే నర్సింగ్‌లో ఏ తలుపూ మూసుకుపోదు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లిష్ చదివి ఉండాలి, సైన్స్ సబ్జెక్టుల్లో మొత్తం 45 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 40 శాతం. చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. మూడేళ్ల జీఎన్ఎం డిప్లొమాకు ఆర్ట్స్ గ్రూపులవాళ్లూ అర్హులే, ఇంటర్‌లో ఇంగ్లిష్, 40 శాతం మార్కులు ఉంటే చాలు. జీఎన్ఎం చేసినవాళ్లు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి డిగ్రీ తెచ్చుకోవచ్చు. రెండేళ్ల ఏఎన్ఎం అమ్మాయిలకే, అది ఎక్కువగా గ్రామాల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం, టీకాల పని. నా సలహా అడిగితే, ఇంట్లో వెసులుబాటు ఉన్నవాళ్లు బీఎస్సీకే గురిపెట్టాలి. పై చదువులకు, విదేశాలకు, బోధనకు అది తిన్నగా తీసుకెళ్తుంది. డబ్బు అవసరం వెంటనే ఉన్న ఇంటికి జీఎన్ఎం మంచి దారి. దాన్ని తక్కువ చూపు చూసేవాళ్ల మాట వినవద్దు.

ఇంటర్‌లో ఒకేషనల్ కోర్సులున్నాయి, వాటిలో ఆరోగ్య కార్యకర్త కోర్సు ఒకటి. పేరు విని అదే నర్సింగ్ అనుకుని చేరిపోతారు కొందరు పిల్లలు. అది చదివాక బీఎస్సీ సీటుకు అర్హత ఉంటుందా, అదనంగా ఏమన్నా రాయాలా అనేది చేరకముందే కాగితం మీద చూపించమని అడుగు. చూపించలేకపోతే బైపీసీలో చేరు.

ప్రవేశాల విషయానికొస్తే, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రలో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లు ఇస్తాయి. తెలంగాణలో ఇటీవలి సంవత్సరాల్లో ఎప్‌సెట్ ర్యాంకు చూసి సీట్లు ఇస్తున్నారు. పద్ధతులు మారుతుంటాయి గనుక రెండు రాష్ట్రాల పిల్లలూ తమ రాష్ట్రపు ఎప్‌సెట్, అంటే ఇంజినీరింగ్, అగ్రికల్చర్ వాళ్లు రాసే ఆ ప్రవేశ పరీక్ష, రాసి ర్యాంకు చేతిలో పెట్టుకోవడం మంచిది. “నర్సింగే కదా, పరీక్షెందుకు” అని రాయకుండా ఊరుకుంటే ప్రభుత్వ కాలేజీ సీటు దాకా వచ్చి చేజారిపోవచ్చు. ఎయిమ్స్‌ల బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్‌కు వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది, మంగళగిరి ఎయిమ్స్ మనకు దగ్గర. సైన్యంలో నర్సింగ్ అంటే ఇష్టమున్న అమ్మాయిలు నీట్ రాయాలి. సైనిక వైద్య సేవల నర్సింగ్ కాలేజీల్లో సీటుకు ఆ మార్కులు చూస్తారు. చదువయ్యాక మిలటరీ నర్సింగ్ సర్వీస్‌లో లెఫ్టినెంట్‌గా చేరతారు. నీట్ అంటే ఎంబీబీఎస్‌కే అనుకుని ఈ అవకాశం సంగతే తెలియని అమ్మాయిలు ఊరూరా ఉన్నారు.

జీవశాస్త్రం చదివేటప్పుడు బిట్ల కోసం మాత్రమే చదవకు. గుండె బొమ్మ గీస్తున్నావా? గీశాక మీ తాతయ్య బీపీ మాత్ర పేరు చూసి, అది ఆ బొమ్మలో ఎక్కడ పనిచేస్తుందో టీచర్ని అడుగు. మూత్రపిండాల పాఠం వచ్చినప్పుడు ఊళ్లో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు గుర్తుకు రావాలి. కిడ్నీ జబ్బులు పీడించే ఉద్దానంలోనో, ఎముకలను వంచే ఫ్లోరైడ్ నీళ్ల నల్లగొండ గ్రామాల్లోనో పెరిగిన పిల్లలకు ఈ పాఠాలు పుస్తకం కంటే ముందే తెలుసు.

భాష

కాలేజీలో పుస్తకాలు, పరీక్షలు, కేస్ షీట్ అన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలు మొదటి సంవత్సరం అనాటమీ పుస్తకం తెరవగానే బెదిరిపోయేది ఇందుకే. తెలివి తక్కువై కాదు. ఇప్పటి నుంచే రోజుకొక పేరా ఇంగ్లిష్‌లో ఆరోగ్య విషయం చదివి, దాన్ని తెలుగులో ఎవరికైనా చెప్పు. తర్వాత ఇంగ్లిష్‌లోనే నాలుగు వాక్యాలు రాయి. వ్యాకరణం పుస్తకం ముందేసుకుని కూర్చోవడం కంటే ఇది పనికొస్తుంది. విదేశాల ఆలోచన ఉన్నవాళ్లకు ఈ పని మరీ అవసరం. బ్రిటన్‌లో రిజిస్టర్ కావాలంటే ఐఈఎల్‌టీఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి, లేదా ఓఈటీ అనే మరో ఇంగ్లిష్ పరీక్ష పాసవ్వాలి. నర్సుగా ఏళ్ల అనుభవం ఉండి కూడా ఆ రాత పరీక్ష దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు. జర్మనీకి వెళ్లాలంటే జర్మన్ భాష నేర్చుకోవాలి. అమెరికాకైతే ఎన్‌క్లెక్స్ పరీక్ష. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ లాంటివి నర్సులను విదేశాలకు పంపుతున్నాయి గనుక ఏజెంటు కంటే ముందు అక్కడ అడగడం మేలు.

ఇంగ్లిష్ ఎంత అవసరమో, రోగి భాష అంతకంటే అవసరం. “ఎడమ పక్క డొక్కలో కలుక్కుమంటోంది”, “కళ్లు బైర్లు కమ్ముతున్నాయి”, “గుండె దడదడలాడుతోంది”, “కడుపులో దేవుతోంది”. వీటిలో ప్రతి మాటా ఒక లక్షణం. శ్రీకాకుళం అవ్వ చెప్పే మాట వేరు, ఆదిలాబాద్ గోండు తల్లి చెప్పే మాట వేరు, పాతబస్తీ పెద్దాయన ఉర్దూలో చెప్పేది వేరు. మీ అమ్మమ్మ నొప్పిని ఎన్ని రకాలుగా చెప్తుందో ఆ జ్వరం పుస్తకం చివరి పేజీల్లో రాసుకో. హైదరాబాద్‌లో పనిచెయ్యాలనుకుంటే హిందీ ఇప్పుడే నేర్చుకో.

రోగుల దగ్గరికి ఎలా?

మన ఆస్పత్రుల్లో బడిపిల్లలను వార్డులోకి పంపి నేర్పే ఏర్పాటు సాధారణంగా ఉండదు. అందుకని చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. బళ్లో జూనియర్ రెడ్‌క్రాస్ ఉంటే చేరు, లేకపోతే పెట్టమని హెడ్‌మాస్టర్ని అడుగు. ఇంటర్‌లో ఎన్ఎస్ఎస్ ఉంటుంది. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ల ప్రథమ చికిత్స శిక్షణ ఎక్కడ దొరికినా వదలకు. మీ ఊరి సబ్‌సెంటర్‌లో టీకాల రోజున ఏఎన్ఎం అక్క దగ్గరికెళ్లి, “అక్కా, పిల్లల పేర్లు రాసిపెట్టనా, తల్లులను వరసలో కూర్చోబెట్టనా?” అని అడుగు. ఆ ఒక్క పూటలో టీకాల పెట్టెలో మంచు ఎందుకు, సూది వెయ్యగానే తల్లీబిడ్డలను అరగంట ఎందుకు కూర్చోబెడతారు, వాడిన సూది ఏ డబ్బాలో వేస్తారు, భయపడుతున్న తల్లిని ఆమె ఎలా మాట్లాడించిందో నీ కళ్లతో చూస్తావు. సబ్బుతో చేతులు కడగడం నేర్పమను. వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల చివర్లు, మణికట్టు దాకా 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. మనం మామూలుగా కడిగేది అయిదారు సెకన్లు కూడా ఉండదు.

ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉంటే తోడుగా వెళ్లు. కూర్చుని ఫోన్ చూసుకోకుండా సిస్టర్లు ఏం చేస్తున్నారో గమనించు. ఎవరి ఫొటో తియ్యకు. పక్క మంచం వాళ్ల జబ్బు సంగతి ఇంటికొచ్చి చెప్పకు. ఊళ్లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే అయినచోట ఈ నియమం పాటించడం కష్టం. అందుకే ఇప్పుడే మొదలుపెట్టాలి.

రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయని ఆశ వదులుకున్న పిల్లలతో ఒక మాట. మొదటిసారి ఆపరేషన్ థియేటర్‌లో పడిపోయినవాళ్లు ఎందరో తర్వాత అక్కడే సీనియర్ నర్సులయ్యారు. తల తేలికవుతున్నట్టు అనిపిస్తే వెంటనే కూర్చో, లేదా పడుకుని కాళ్లు ఎత్తిపెట్టు. చేతులు, తొడల కండరాలు కాసేపు బిగించి వదులు, బిగించి వదులు, రక్తపోటు పడిపోకుండా అది ఆపుతుంది. కొద్దికొద్దిగా చూస్తూ ఉంటే అలవాటవుతుంది.

నీ ఒంటి సంగతి

నర్సు పనంటే ఎనిమిది గంటలు నిలబడటం, తనకంటే బరువైన మనిషిని పక్కకు తిప్పడం, రాత్రంతా మెలకువగా ఉండి తెల్లారి అయిదింటికి కూడా మందు పేరు రెండుసార్లు చదవడం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. క్లాసులో సగానికి పైగా! బళ్లో వారానికొకసారి ఇచ్చే ఐరన్ మాత్రను బెంచీ కింద పారేసే అలవాటు నీకుంటే ఈ వారమే మానెయ్యి. అన్నం తిన్నాక వేసుకో, నిమ్మరసంతోనో జామకాయతోనో అయితే ఒంటికి బాగా పడుతుంది, టీతో అయితే పట్టదు. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని 12కు తక్కువుంటే డాక్టరుకు చూపించుకో. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు కాలేజీలో చేరేలోపే పూర్తిచేసుకో. సూది గుచ్చుకునే ప్రమాదం విద్యార్థి రోజుల్లోనే ఎక్కువ.

ఇంట్లో ఒప్పించడం

“అమ్మాయికి నైట్ డ్యూటీలేంటి? రేపు సంబంధాలు ఎలా వస్తాయి?” ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. పోట్లాడకు. కోవిడ్ రోజుల్లో నర్సు ఉన్న ఇంటి తలుపు ఎందరు తట్టారో వాళ్లకూ గుర్తుంది. మీకు తెలిసిన నర్సు ఒకరిని ఇంటికి పిలిచి అమ్మతో మాట్లాడించు. రాత్రి డ్యూటీకి బస్సు ఉంటుందా, హాస్టల్ ఎక్కడ, జీతం ఎంత, పెళ్లయ్యాక ఎలా సర్దుకున్నారు, అన్నీ అమ్మే అడగనీ. నీ వంద మాటల కంటే అక్కడ ఆమె ఒక్క మాట పనిచేస్తుంది. నాన్న దగ్గర ఉద్యోగాల నోటిఫికేషన్ పెట్టు. ఇప్పుడు స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు, బీఎస్సీ చేసినవాళ్లు పల్లె ఆరోగ్య కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగానూ పనిచేస్తున్నారు.

అబ్బాయిలను “నర్సా?” అని నవ్వేవాళ్లుంటారు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 20 శాతం పురుషులకే కేటాయించారు. ఐసీయూలో, అత్యవసర విభాగంలో, మానసిక చికిత్స వార్డులో మగ నర్సుల అవసరం చాలా ఉంది. నవ్వేవాళ్లకు జవాబు చెప్పే శ్రమ కూడా అక్కర్లేదు. కొన్ని ప్రభుత్వ కాలేజీల్లో సీట్లు అమ్మాయిలకే ఉంటాయి, అది మాత్రం ముందే చూసుకోవాలి.

కాలేజీ, కాగితాలు

ఇంటర్ ఫలితాలు రాకముందే ఫోన్లు మొదలవుతాయి. “వేరే రాష్ట్రంలో సీటు, మీరు క్లాసులకు రాకపోయినా పర్లేదు, సర్టిఫికెట్ మా బాధ్యత.” ఈ మాట వినగానే ఫోన్ పెట్టెయ్యి. వార్డుకు వెళ్లకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి చేతిలో సిరంజి పెట్టడం ఎంత ప్రమాదమో, 42 చుక్కల లెక్క చేసిన నీకు వేరే చెప్పక్కర్లేదు. కాలేజీకి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, భారత నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఆ ఏడాదికి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్ల జాబితాల్లో నువ్వే వెతుకు, బ్రోషర్ మీద నమ్మకం పెట్టుకోకు. బీఎస్సీ కాలేజీకి కనీసం 100 పడకల ఆస్పత్రి ఉండాలన్నది నిబంధన. మీ నాన్నతో కలిసి ఆ ఆస్పత్రికి ఒక మామూలు రోజున, ముందు చెప్పకుండా వెళ్లు. ఓపీ దగ్గర వరస ఉందా? మంచాల మీద నిజంగా మనుషులున్నారా, లేక దుప్పట్లు మడతలు నలగకుండా ఉన్నాయా? రోగులు లేని ఆస్పత్రిలో నువ్వు నేర్చుకునేది బొమ్మ మీదే. రెండో, మూడో ఏడు చదువుతున్నవాళ్లను పక్కకు పిలిచి, ఇప్పటిదాకా ఎన్ని ప్రసవాలు చూశారు, ఏ వార్డుల్లో పోస్టింగ్ పడింది అని అడుగు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాల్సి వస్తే రసీదు తీసుకో.

కుల, ఆదాయ ధ్రువపత్రాలు, స్థానికత కోసం ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ, కౌన్సెలింగ్‌కూ ఇవే అడుగుతారు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్నవాళ్లు మాత్రం ఒక పని తప్పకుండా చెయ్యాలి. బడి నుంచి బోర్డుకు మీ వివరాలు పంపేముందు సంతకానికి కాగితం చూపిస్తారు. అందులో నీ పేరు, ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోతున్నాయో లేదో చూసుకో. పదో తరగతి మెమో మీద ఏ స్పెల్లింగ్ పడితే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో అదే ఉంటుంది, పాస్‌పోర్టులోనూ అదే ఉండాలి. ఒక్క అక్షరం తేడా వల్ల విదేశీ రిజిస్ట్రేషన్ దగ్గర నెలల తరబడి అఫిడవిట్ల చుట్టూ తిరుగుతున్న నర్సులున్నారు. సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని రెండుసార్లు చదువు, పక్కన ఇంకొకరితో చదివించు, తప్పుంటే అక్కడే దిద్దించు.